మైదానంలో మన గొంతు
(వార్షిక సభలో క్రీడా ఉపసంఘం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)

  

ఈ సభలో ప్రతి ఏటా స్కాలర్‌షిప్పుల గురించి, కుట్టుమిషన్ల గురించి, ఆడపిల్లల పెళ్ళిళ్లకు చేసే సహాయం గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి ఫుట్‌బాల్ చూచే జనం గురించి నాలుగు మాటలు చెబుతామంటే కార్యవర్గంలో ఒకరిద్దరు నవ్వినారు. "ఆడేవాళ్ల సంగతి చెప్పండి భాయీ, చూసేవాళ్ల సంగతి దేనికి?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆడేవాళ్లకు ఈ నగరంలో ఎన్నడూ కొదవ లేదు. చూసేవాళ్లు కుదురుగా, ఒక్కటిగా, మర్యాదగా కూర్చొని తమ జట్టును నిలబెట్టుకోవడం అన్న పనే మనకింకా అలవడలేదు. అది అలవడకముందే ఇంటికొచ్చిన జట్టు ఒకటి తరలిపోయింది. కాబట్టి ఈ విషయం ఎత్తుకున్నాం. ఉర్దూలో చెబితే బాగుండునని పెద్దలు కొందరన్నారు. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగు అక్షరాలే సులువుగా చదువుతున్నారు, సావనీరులో అచ్చయ్యేది వాళ్ల చేతికి అందాలి. అందుచేత తెలుగే.

ముందుగా పాత సంగతి కొంచెం చెప్పవలసియున్నది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు వినని ఇల్లు ఒకప్పుడు ఇక్కడ లేదు. 1909లో ఈ నగరంలోనే పుట్టి, బడిపంతులుగా పనిచేసి, 1943 నుండి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా, 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడిగా ఉన్నారు. ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేళ్లు గెలుచుకొచ్చింది. 1951 ఢిల్లీ ఏషియాడ్‌లో, 1962 జకార్తా ఏషియాడ్‌లో భారత జట్టుకు బంగారు పతకాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఇవన్నీ ఆయన శిక్షణలో వచ్చినవే. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, జుల్ఫికారుద్దీన్, యూసుఫ్ ఖాన్, ఆ తరువాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ. ఈ పేర్లలో ఏ మతం ఎక్కువ, ఏ భాష ఎక్కువ అని లెక్కపెట్టినవాళ్లు ఆ రోజుల్లో లేరు. బలరాం 2023 ఫిబ్రవరిలో, హబీబ్ సాబ్ అదే సంవత్సరం ఆగస్టు 15న కన్నుమూసినారు. 2024లో రహీం సాబ్ మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాకగాని మన పిల్లలకు ఆయన ఎవరో తెలియలేదు. సినిమా వచ్చినందుకు సంతోషమే. సినిమా దాకా ఆగవలసి వచ్చినందుకే కొంచెం బాధ.

ఇక్కడ జకార్తా సంగతి ఒకటి మన విషయానికి సరిగ్గా పనికొస్తుంది. 1962 సెప్టెంబరు 4న ఫైనలు. ఎదురుగా దక్షిణ కొరియా. గ్యాలరీల్లో సుమారు లక్షమంది. ఆ లక్షమందికీ మనవాళ్ల మీద కోపం. కారణం ఆటలో లేదు. ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానీయలేదు. దాని మీద మన దేశానికి చెందిన ఒలింపిక్ సంఘ సభ్యుడు జి.డి. సోంధీ ఆక్షేపణ తెలిపినారు. ఆ మంట మైదానంలో పదకొండుమంది కుర్రాళ్ల మీద పడింది. మన పాట మోగినా ఈసడింపే, బంతి మనవాళ్ల కాలికి తగిలినా ఈసడింపే. అంత గోలలోనూ పి.కె. బెనర్జీ ఒకటి, తలకు కుట్లతో ఆడిన జర్నయిల్ సింగ్ ఒకటి కొట్టి 2–1తో గెలిచినారు. ఆ గ్యాలరీలో మనవైపు అరిచినవాళ్లు కొద్దిమంది. వారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని ఆనాటి మన ఆటగాళ్లు ముసలితనం దాకా చెప్పుకున్నారు. లక్ష గొంతుల నడుమ ఆ కొద్ది గొంతులను గుర్తుపెట్టుకున్నారంటే, ఆడేవాడి చెవికి గ్యాలరీ ఎంత దగ్గరో అర్థమవుతుంది.

ఇక మన నగరపు జట్టు సంగతి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. ఆ ఏడు నవంబరు 2న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో మొదటి సొంతగడ్డ ఆట. కేరళ బ్లాస్టర్స్ మీద 2–1 గెలుపు. తరువాత మహమ్మారి వచ్చింది. రెండు సీజన్లు ఆటలన్నీ గోవాలోనే, ఖాళీ గ్యాలరీల ముందు జరిగినవి. 2022 మార్చి 20న గోవాలోనే ఫైనలు, మళ్లీ కేరళ మీదే, పెనాల్టీల్లో గెలుపు. దేశపు పెద్ద లీగు కప్పు హైదరాబాదు పేరు మీద వచ్చింది. అయితే ఆ కప్పు దారిలో ఒక్క ఆట కూడా హైదరాబాదు జనం సొంత మైదానంలో చూడలేదు. పెళ్లి పరాయి ఊళ్లో జరిగితే చుట్టాలు ఫోటోలు చూచి ముచ్చటపడినట్లయింది మన పని. ఫైనల్లో కూడా కేరళ పసుపు రంగే స్టేడియం నిండా. 2022 అక్టోబరులో జట్టు తిరిగి గచ్చిబౌలికి వచ్చేసరికి కప్పు ఉంది, జనం లేరు. ఆపై 2023–24 సీజన్‌లో డబ్బు చిక్కులు వచ్చి ఆటగాళ్లు విడిచిపోయినారు, ఒక్క గెలుపుతో జట్టు అట్టడుగున నిలిచింది. యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

గ్యాలరీ ఖాళీగా ఉండబట్టే జట్టు పోయిందని మేము అనము. జమాఖర్చుల సంగతులు వేరు. కానీ నిండు గ్యాలరీ ఉన్న జట్టును ఊరు దాటించడం ఏ యజమానికైనా అంత తేలిక కాదు. కొచ్చిలో అటువంటి మాట ఎత్తి చూడమనండి!

ఆ సీజన్లలో మన పిల్లలతో గచ్చిబౌలికి కొన్నిసార్లు వెళ్ళివచ్చినాం. డెక్కన్ లీజియన్ అనే అభిమానుల బృందం ఒకటి ఉండేది. ఓడినా గెలిచినా పాపం గొంతు చించుకునేవాళ్లు. వాళ్ల పట్టుదలకు సలాం చేయవలసిందే. అయినా మైదానం వేడెక్కేది కాదు. ఎందుకు వేడెక్కలేదని ఆలోచిస్తే మొట్టమొదట కనబడేది స్టేడియం కట్టడమే. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన మైదానం అది. చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉంది. ట్రాక్ వంపు తిరిగే చోట లెక్క వేసి చూడండి. గోలు గీత నుండి ట్రాక్ లోపలి అంచుకే ఇరవై అయిదు మీటర్ల పైన, ట్రాక్ వెడల్పు పది మీటర్లు. అంటే గోలు వెనక గ్యాలరీలో మొదటి వరుసవాడికి గోల్‌కీపరు ముప్ఫై అయిదు మీటర్ల పైచిలుకు దూరంలో ఉంటాడు. వాడి కేక బంతి దాకా పోయేసరికి చల్లారిపోతుంది. ప్రక్క గ్యాలరీ అట్లా కాదు. అక్కడ గీతకు మొదటి వరుసకు నడుమ దూరం అందులో సగం కూడా ఉండదు. యూరపు ఆటలు టీవీలో చూచి పాటలు పాడేవాళ్లందరూ గోలు వెనకే నిలబడాలని మన కుర్రాళ్లు అనుకుంటారు. ట్రాక్ ఉన్న మైదానంలో అది గొంతు దండగ. ప్రక్క గ్యాలరీలో, మధ్యగీతకు దగ్గరగా, దిగువ వరుసల్లో ఒక గుంపుగా కూర్చోవాలి. బెంగళూరు కంఠీరవ స్టేడియంలోనూ ట్రాక్ ఉంది. అయినా వెస్ట్ బ్లాక్ అన్న ఒక్క భాగాన్ని తమది చేసుకొని అక్కడివాళ్లు పదేళ్లుగా మోత మోగించినారు.

రెండోది చెల్లాచెదురు. ముప్ఫై వేలమంది పట్టే చోట మూడు వేలమంది వచ్చి, నీడ కోసం ఒకడు, ఫోటో కోసం ఒకడు, సిగ్గుకొద్దీ ఒకడు నాలుగు దిక్కులా కూర్చుంటే అది తిరునాళ్ల మరునాటి మైదానంలా కనిపిస్తుంది. అదే మూడు వేలను ఒక్క గ్యాలరీలో కూర్చోబెడితే మూడు గ్యాలరీలు ఖాళీ అన్న సంగతి ఆటగాడికి గుర్తురాదు. టికెట్లు అమ్మేవాళ్లు ముందు ఒక గ్యాలరీ నిండాకే రెండోది తెరవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా చేయరు. ఎందుకో మాకు అంతుబట్టదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. అరుపు వేరు, దరువు వేరు. తొంభై నిమిషాలు అరవడం ఎవరి తరమూ కాదు. పది నిమిషాల్లో గొంతు పోతుంది, ఇరవైకి ఫోను బయటికి వస్తుంది. జనాన్ని ఆటలో కట్టిపడేసేది దరువు. 2016 యూరోకప్పులో ఐస్‌లాండ్ జనం రెండు చేతులు పైకెత్తి నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచే చప్పట్లు కొట్టినారు. వెంటనే ప్రపంచమంతా కాపీ. ఇక్కడా కొట్టినారు. బాగానే ఉంది. కానీ మన ఇంట్లో మర్ఫా ఉండగా చప్పట్లు అరువు తెచ్చుకోవడం ఎందుకు?

మర్ఫా అంటే పెళ్లి బారాతుల వాయిద్యమని మాత్రమే పిల్లలకు తెలుసు. నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా నుండి వచ్చిన సిద్దీలు తెచ్చిన దరువు అది. బార్కాస్‌లో, ఏసీ గార్డ్స్‌లో తరాల తరబడి నిలిచింది. ఈనాడు మన పెళ్ళిళ్లలోనే కాదు, గణేశుడి ఊరేగింపులోనూ, ఎలక్షన్ల జులూసులోనూ మోగుతుంది. డఫ్, ఢోల్, లోహపు కుండ, చెక్కబద్దలు కలిసి మోగితే ముసలివాళ్ల కాళ్లు కూడా ఊరుకోవు. పైగా బార్కాస్ అంటేనే ఫుట్‌బాల్. అక్కడ మైదానంలో సాయంత్రం పూట బంతి లేని రోజు ఉండదు. ఒకే బస్తీలో బంతీ ఉంది, దరువూ ఉంది. ఆ రెంటినీ ఒక్కచోట కూర్చోబెట్టే పని మాత్రం మిగిలింది.

దీని పద్ధతి గురించి వాయించేవాళ్లతో మాట్లాడి కొన్ని మాటలు రాసుకున్నాం. బారాతులో వాయించినట్లు ఏకధాటిగా వాయిస్తే మైదానంలో పనికిరాదు. బంతి మనవాళ్ల వెనక వరుసలో మెల్లగా తిరుగుతుంటే డఫ్ ఒక్కటే, తక్కువ మోతతో. బంతి మధ్యగీత దాటితే ఢోల్ కలవాలి. కార్నర్ కిక్ దొరికితే అన్నీ ఒక్కసారిగా, బంతి గాలిలోకి లేచే వరకు వేగం పెంచుకుంటూ పోవాలి. మనవాడు పెనాల్టీ కొట్టేటప్పుడు పూర్తిగా ఆపెయ్యాలి. ఆ నిశ్శబ్దం తరువాత గోలు పడితే వచ్చే మోతకు ఏ లౌడ్‌స్పీకరూ సాటిరాదు. మనవైపు గోలు పడ్డప్పుడు వెంటనే, అయిదు లెక్కపెట్టేలోగా, మళ్లీ మెల్లని దరువు మొదలుకావాలి. చాలాచోట్ల జనం అక్కడే చచ్చుబడిపోతారు. ఓడుతున్న జట్టుకు కావలసింది ఆ అయిదు లెక్కల తరువాతి డఫ్.

ఇంకొకటి. నినాదం అందించేవాడు జనం వైపు తిరిగి, ఆటకు వీపు పెట్టి నిలబడాలి. ఆట చూడాలన్న ఆశ వదులుకున్నవాడే ఈ పనికి తగినవాడు. అది చిన్న త్యాగం కాదు. అందుచేత ఇద్దరుండాలి, ఒక్కొక్కరికి ఒక సగం. నినాదాలు దక్కనీలో ఉండాలి, తెలుగులోనూ ఉండాలి. ఒక వరుస అటు, ఒక వరుస ఇటు. మర్ఫా పక్కన తీన్‌మార్ డప్పు వాయించే కుర్రాళ్లను కూడా కూర్చోబెడితే సింగరేణి నుండి వచ్చిన హాస్టలు పిల్లవాడికీ, షాలిబండ పిల్లవాడికీ ఒకే గ్యాలరీ సొంతమవుతుంది. అయితే వాయిద్యాలు గేటు దగ్గర ఆపేస్తారు. ఆట రోజున కానిస్టేబులుతో వాదించి లాభం లేదు, ఆయన ఉద్యోగం ఆయనది. ఎన్ని వాయిద్యాలు, ఎవరు మోస్తారు, ఏ గేటు అని వారం ముందే క్లబ్బుకూ పోలీసువారికీ రాసి అనుమతి కాగితం తెచ్చుకోవాలి.

నోటి విషయం ఒకటి ఇక్కడే చెప్పెయ్యాలి. రిఫరీ తప్పు ఈల వేస్తే అమ్మను, అక్కను ఎత్తే మాటలు మన గ్యాలరీలో మామూలైనవి. చెల్లెలిని వెంటబెట్టుకొచ్చిన వాడు అది ఒక్కసారి విన్నాడంటే ఇక జన్మలో రాడు, వాడి పక్కింటివాణ్ణీ రానివ్వడు. ఇంకా సిగ్గుచేటు, ఎదుటి జట్టులో నల్లని ఆటగాడు ఉంటే కోతి కూతలు. మనం వాయించే మర్ఫా ఎవరిదయ్యా? ఆ చేతులు ఆఫ్రికా నుండి వచ్చినవి కావా? ఏసీ గార్డ్స్ సిద్దీ మిత్రుడు ఆ కూత విని డఫ్ కింద పెట్టేస్తే మన దగ్గర జవాబు లేదు. మా ఉపసంఘం పిల్లలను తీసుకువెళ్లేటప్పుడు దీనికి రెండో అవకాశం ఉండదు. కూసినవాడు ఆ క్షణమే బయటికి, బస్సులో ఒంటరిగా కూర్చోవలసిందే.

దూరం సంగతి మీకందరికీ తెలుసు. చాంద్రాయణగుట్ట నుండి గచ్చిబౌలి ఇరవై కిలోమీటర్ల పైమాటే. మెట్రో 2019 నవంబరులో రాయదుర్గం దాకా వచ్చింది. అక్కడ దిగినా స్టేడియానికి ఇంకా కొన్ని కిలోమీటర్లు. పాతబస్తీకి, అంటే ఇమ్లీబన్ నుండి ఫలక్‌నుమా లైనుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. రాత్రి ఏడున్నరకు మొదలైన ఆట తొమ్మిదిన్నరకు ముగిస్తే ఇంటికి చేరేసరికి పదకొండు. మరునాడు బడి. ఏ తల్లి పంపుతుంది? మొయినాబాద్ దారిలో అజీజ్‌నగర్ దగ్గర శ్రీనిధి డెక్కన్ జట్టు డెక్కన్ అరీనా అన్న చిన్న మైదానం కట్టుకుంది. ఆ జట్టు 2021–22 సీజన్ నుండి ఐ-లీగ్ ఆడి, 2022–23లోనూ 2023–24లోనూ రెండో స్థానం తెచ్చుకుంది. రెండోసారి వాళ్లను దాటి కప్పు కొట్టింది కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్. ఇంత దగ్గరికొచ్చిన జట్టు పేరు మన వీధుల్లో ఎంతమందికి తెలుసు? అదీ ఊరి చివరే. దారిలో పెద్ద చెరువులు దాటాలి. కాబట్టి బస్సు ముందే మాట్లాడుకొని, ఆట టికెట్టూ బస్సు ఖర్చూ కలిపి ఒక్కటే చీటీ ఇవ్వడం మేలు. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి ఛార్జీ లేకపోవడం కొంత వెసులుబాటు. అయినా రాత్రిపూట ప్రత్యేక బస్సు లేకుండా కుటుంబాలు కదలవు.

ఆట వేళ గురించి కొందరు పెద్దలు మమ్మల్ని గట్టిగానే అడిగినారు. నమాజు పోగొట్టుకొని ఆట చూడమంటారా అని. ఆ అడగడం సబబే. క్యాలెండరు ముందు పెట్టుకొని చూచినాం. సాయంత్రం 5 గంటల ఆట అయితే నవంబరు, డిసెంబరు నెలల్లో దాదాపు విరామం వేళకే మగ్రిబ్ వస్తుంది. కావలసిందల్లా గేటు పక్కన ఊడ్చిన కొంచెం జాగా, నాలుగు నల్లాలు. ఏడున్నర ఆట అయితే మగ్రిబ్ ముందే అయిపోతుంది. ఇషా ఆట తరువాతనైనా చేసుకోవచ్చు. కేరళ మలప్పురం జిల్లాలో 2022 సంతోష్ ట్రోఫీ రంజాన్ నెలలో జరిగింది. మే 2న పయ్యనాడ్ స్టేడియంలో ఫైనలు రాత్రి 8 గంటలకు పెట్టినారు. ఇఫ్తార్ చేసి, నమాజు చేసి జనం నిండుగా వచ్చినారు. కేరళ పెనాల్టీల్లో బెంగాల్‌ను గెలిచింది. మరునాడు పండుగ. వేళను జనానికి తగినట్లు మలుచుకుంటే రంజాన్ నెలలో కూడా గ్యాలరీ నిండుతుందని తేలిపోయింది. మన నగరంలో కూడా 2024 డిసెంబరు 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనలు జరిగింది, బెంగాల్ కేరళను 1–0తో గెలిచింది. రెండు పరాయి జట్లు మన గడ్డ మీద ఆడుకొని కప్పు పట్టుకుపోయినాయి. హైదరాబాదు ఆ కప్పును 1956–57లోనూ 1957–58లోనూ గెలుచుకుంది. ఆంధ్రప్రదేశ్ పేరు మీద 1965–66లో వచ్చింది. అంతే.

ఆడవారి గ్యాలరీ విషయంలో మాలో రెండు అభిప్రాయాలు వచ్చినాయి. పరదా కట్టి వేరే కూర్చోబెడితేనే మన ఇండ్ల నుండి వస్తారని కొందరు. పరదా వెనక నుండి బంతి కనబడదు, ఆట చూడడానికి పిలిచి గుడ్డ చూపిస్తారా అని మరికొందరు. మా అక్కచెల్లెండ్రనే అడిగినాం. వాళ్లు పరదా అడగలేదు. వేరే గేటు, వెలుతురు ఉన్న దారి, తాళం పడే మరుగుదొడ్డి, పక్కన బూతులు లేకపోవడం, ఇవి అడిగినారు. కాబట్టి కుటుంబాల గ్యాలరీ ఒకటి చాలును. నిజామాబాదు జిల్లా గిరిజన తండా పిల్ల గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడుతూంటే, మన పిల్లలు చూడడానికైనా రాకూడదా?

చివరగా భద్రత. చప్పగా వినవద్దు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆటలో గ్యాలరీ కొట్లాటై 16 మంది ప్రాణాలు పోయినాయి. 1989లో ఇంగ్లండులో హిల్స్‌బరో గ్యాలరీలో ఇనుప కంచెకు నలిగి 97 మంది. 2022 అక్టోబరు 1న ఇండోనేషియా కంజురుహాన్ స్టేడియంలో బాష్పవాయువుకు జనం ఇరుకు గేట్ల వైపు పరుగెత్తి 135 మంది. 2025 జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది. మన సికింద్రాబాదు జింఖానాలో 2022 సెప్టెంబరులో క్రికెట్ టికెట్ల కోసం జరిగిన తొక్కిసలాట మీలో కొందరు కళ్లారా చూచినదే. వీటిలో ఎక్కువచోట్ల ప్రాణం తీసింది ఇరుకు దారి, ఒక్కసారిగా కదిలిన జనం. అందుచేత గ్యాలరీలో టపాసులు, మంటలు అసలే వద్దు. లోపలికి పోగానే బయటికి పోయే దారులు రెండు చూచుకోవాలి. చిన్నపిల్లలను దిగువ కంచె దగ్గర నిలబెట్టరాదు. ఆఖరి ఈల పడ్డాక మర్ఫా ఆపకూడదు. పది నిమిషాలు మెల్లగా, బారాతు ఇల్లు చేరేటప్పటి దరువులా వాయిస్తూండాలి. ఆ మోత వింటూ సగంమంది కూర్చునే ఉంటారు, మెట్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. వాయించేవాళ్లే అందరికంటే ఆఖరున దిగాలి. ఈ ఒక్క ఏర్పాటును మా ఉపసంఘం పెద్దలు ముగ్గురు తమ బాధ్యతగా ఒప్పుకున్నారు.

పెద్ద జట్టే పోయింది గదా, ఇదంతా ఎవరి కోసం అని మీరడగవచ్చు. పెద్ద జట్టు మళ్లీ ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. వచ్చిననాడు తయారుగా ఉన్న గ్యాలరీ ఒకటి ఉండడం మాత్రం మన చేతిలో ఉంది. అది గచ్చిబౌలిలో మొదలు కాదు, బస్తీ మైదానంలో మొదలవుతుంది. రహీం సాబ్ కూడా అట్లాగే మొదలుపెట్టినారు. ఎడమ కాలు సాధన కోసం ఎడమ కాలితోనే ఆడే పోటీలు, డ్రిబ్లింగు చేయకూడదన్న నియమంతో పోటీలు, పొట్టి పిల్లలకు వేరే పోటీలు. ఆడేవాళ్లను ఆయన అట్లా చిన్న మైదానాల్లో తయారు చేసినారు. చూసేవాళ్లను కూడా అక్కడే తయారు చేయాలి. ఈ చలికాలంలో బార్కాస్ వైపు, కుతుబ్‌షా స్టేడియం వైపు జరిగే కుర్రాళ్ల ఆటలకు ఆదివారం ఆదివారం ఒక గుంపుగా వెళ్లాలని నిర్ణయించినాం. అక్కడ ట్రాక్ లేదు, టికెట్టు లేదు, గీత పక్కనే నిలబడవచ్చు. ఎడమవైపు నిలబడ్డ గుంపు ఎటువైపు జట్టుదో ముందే తేల్చుకోవాలి. పోయినసారి మనవాళ్లు రెండు జట్లకూ ఒకేసారి వాయించినారు. ఆటగాళ్లే ఆగి నవ్వినారు.

పేరు ఇవ్వదలచిన కుర్రాళ్లు శుక్రవారం అసర్ తరువాత సంఘం ఆఫీసుకు రావాలి. పెద్ద ఆటలకు పాసులు ఇప్పించమని మాత్రం ఎవరూ అడగవద్దు. టికెట్టు కొనే పోదాం. చదువుకునే పిల్లలకు సగం డబ్బు సంఘం పెట్టుకుంటుంది, కార్యవర్గం ఒప్పుకున్నది. ప్రస్తుతం మన దగ్గర డఫ్‌లు మూడు, ఢోల్ ఒకటి ఉన్నాయి. నాలుగో డఫ్‌కు తోలు మార్పించాలి. ఆ పని తెలిసినవారు సభ ముగిశాక మా దగ్గరికి ఒకసారి వస్తే సంతోషం.